రూలు కర్రతో గీసిన బరువులు

ముప్ఫై రెండేళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేశాను. ఆ ఉద్యోగంలో నాకు బాగా పట్టుబడిన విద్య ఒక్కటే, రిజిస్టర్ చూడటం. కేంద్రంలో అడుగుపెట్టి, ఆయమ్మ తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగేలోపు హాజరు పట్టీ, స్టాకు రిజిస్టర్, ఇంటింటి సర్వే పుస్తకం తిరగేసి ఎక్కడ తేడా ఉందో పట్టేసేదాన్ని. గుడ్ల లెక్కలో రెండు తగ్గితే నా కంటికి ఆనేది. ఈ విద్య మీద నాకు గర్వం కూడా ఉండేది. అది ఎంత పనికిమాలిన గర్వమో 1998లో ఒక చంటిపిల్ల వల్ల తెలిసింది.

మెట్ట ప్రాంతంలో, బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఊరు అది. అక్కడి టీచరు రాసే బరువుల పుస్తకం మా ప్రాజెక్టు మొత్తానికీ చూపించదగ్గది. అక్షరం ముత్యంలా ఉండేది. ప్రతి పిల్లకీ నెలనెలా బరువు, గ్రోత్ చార్టు మీద చుక్క, చుక్కకీ చుక్కకీ మధ్య చక్కటి గీత. సెక్టార్ మీటింగుల్లో ఆ పుస్తకం పట్టుకెళ్ళి మిగతా టీచర్లకి చూపించి, "రాస్తే ఇలా రాయాలమ్మా" అన్నది నేనే. ఆ యేడు వానాకాలంలో రెండేళ్ళ పిల్లకి విరేచనాలు పట్టుకుంటే తల్లి టౌనులో ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. అక్కడ తూస్తే 6 కిలోల 800 గ్రాములు. అంతకు వారం ముందు మా పుస్తకంలో ఎక్కిన బరువు 9 కిలోల 400. అప్పట్లో మేం వాడే గ్రేడుల ప్రకారం మా పుస్తకంలో ఆ పిల్ల మొదటి గ్రేడు, అంటే కాస్త తక్కువే గానీ కంగారు లేదు. ఆసుపత్రి తూకంలో మూడో గ్రేడు. విరేచనాలకి అరకిలో పోయిందనుకున్నా, మిగతా రెండు కిలోలు ఎటు పోయినట్టు?

మర్నాడే వెళ్ళాను. దూలానికి వేలాడుతున్న సాల్టర్ తక్కెడకి స్ప్రింగు సాగిపోయి ఉంది. ఎన్నాళ్ళయిందని అడిగితే ఏడాది దాటిందంది. ఆఫీసుకి రెండుసార్లు కాగితం రాసిచ్చిందట. మరి బరువులెలా రాశావంటే తల వంచుకుంది. నెలకి వంద, నూటయాభై గ్రాముల చొప్పున కలుపుకుంటూ పోయింది. చార్టు మళ్ళీ తెరిచాను. నెలనెలా చూసిన చార్టే, ఆ రోజు గానీ కనబడలేదు. గీతలన్నీ రూలు కర్ర పెట్టి గీసినట్టున్నాయి. పిల్లలెక్కడా అలా పెరగరు. ఒక నెల జ్వరం తగులుతుంది, ఒక నెల తల్లి మిరపకోతలకి పోయి పాలు తగ్గుతాయి, పళ్ళొచ్చే రోజుల్లో తిండి మానేస్తారు, మరో నెల ఉన్నట్టుండి పావుకిలో ఎక్కుతారు. నిజం బరువుల గీత వంకరటింకరగా ఉంటుంది. నేను అందమైన గీతకి మార్కులు వేసుకుంటూ పోయాను.

కోప్పడ్డాను. ఆమె ఏడవలేదు. "మూడో గ్రేడని రాస్తే మెమో ఇచ్చేది మీరే కదా మేడమ్. తక్కెడ పాడయిందని రాస్తే మాత్రం ఎవరూ రారు" అంది.

పిల్ల బతికి బట్టకట్టింది. ఆ మాట మాత్రం పదవీ విరమణ దాకా నన్ను వదల్లేదు. ఈ మధ్య ప్రభుత్వ సేవా సంస్థల పనితీరుకి ర్యాంకులు, రంగులు, శాతాలు కట్టి చూపించడం ఎక్కువైంది. జిల్లా సమీక్షల్లో గోడ మీద తెర వేసి, పచ్చరంగు మండలాలు ఇవి, ఎర్రరంగు మండలాలు ఇవి అని చూపిస్తారు. ఎర్రరంగు పడ్డ ప్రాజెక్టు అధికారి, అదే సీడీపీఓ, నిలబడాలి. అలా నిలబడి వచ్చినాయన మర్నాడు సూపర్‌వైజర్లని నిలబెడతాడు, వాళ్ళు టీచర్లని నిలబెడతారు. నెల తిరిగేసరికి ఎరుపు పచ్చబడుతుంది. ఆ తెర చూసినప్పుడల్లా నాకు ఆ టీచరు చార్టే గుర్తొస్తుంది.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. యాభై ఏళ్ళ పథకం. మనుషుల చేత మనుషులకి నడిచే సంస్థల్లో ఇంత పెద్దది ప్రపంచంలోనే అరుదు. దీన్ని తూచే ప్రయత్నాలు జరగలేదని అనను. కాగ్ 2006 నుంచి 2011 దాకా లెక్కలు తీసి, ఏడాదిని బట్టి 33 నుంచి 47 శాతం పిల్లలని అసలు తూకమే వేయలేదని తేల్చింది. సొంత భవనం లేని కేంద్రాలు 61 శాతమని కూడా అందులోనే ఉంది. ఆ రిపోర్టు వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరం తూకం వేయని పిల్లల సంగతే మాట్లాడుకున్నాం. నాకు మాత్రం తూకం వేశారని లెక్కలోకి ఎక్కిన మిగతా పిల్లల గురించే దిగులు. వాళ్ళలో ఎందరిది రూలు కర్ర బరువో కాగ్ కాగితం మీద తెలియదు. తెలిసే వీలూ లేదు, వాళ్ళు చూసింది కూడా మేం రాసిన రిజిస్టర్లనే.

ఇప్పుడు రిజిస్టర్లు పోయి ఫోను వచ్చింది. 2012 ప్రాంతంలో కొత్త పద్ధతని 11 రిజిస్టర్లు ఇచ్చారు; 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్. నా సర్వీసు ఆఖరి నెలల్లో టీచర్లకి ఆ యాప్ నేర్పింది నేనే, నాకు సగం వచ్చీ సగం రాకుండా. యాప్‌కి నేను వ్యతిరేకిని కాను. పొడుగూ బరువూ ఎక్కించగానే పిల్ల ఏ కోవలో పడుతుందో అదే చెబుతుంది, చార్టు మీద చుక్క తప్పు పెట్టే బాధ లేదు. కానీ ఒక సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో వయసుకి తగ్గ బరువు లేని పిల్లలు 32.1 శాతం. 2024 మధ్యలో ట్రాకర్ లెక్క ప్రకారం 17 శాతం. పొడుగుకి తగ్గ బరువు లేని పిల్లలు సర్వేలో 19.3 శాతమైతే ట్రాకర్లో 5, 6 శాతం. పొట్టిగా మిగిలిపోయిన పిల్లల శాతం మాత్రం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే, 35 దగ్గర్లో. మధ్యలో మూడేళ్ళు గడిచాయి, కొంత నిజంగానే మెరుగుపడి ఉండొచ్చు. రెండు లెక్కల్లో చేరిన పిల్లలూ ఒకరే కాదు. కానీ పొడుగు కదలకుండా బరువు మాత్రం ఇంతగా బాగుపడిందంటే, ముప్ఫై రెండేళ్ళు తక్కెడ పక్కన నిలబడ్డ దాన్ని, నేను చప్పట్లు కొట్టేముందు ఒకసారి తక్కెడ చూస్తాను. ఎక్కడో ఒక టీచరు మెమోకి భయపడి వంద గ్రాములు కలుపుతోందేమో అడుగుతాను. అడిగేటప్పుడు మెమో పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్తాను.

అసలు చిక్కు ఇక్కడుంది. మన దగ్గర తనిఖీ కిందికే పారుతుంది, నీళ్ళలాగా. కమిషనరేట్ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి ప్రాజెక్టుకి, ప్రాజెక్టు నుంచి సెక్టారుకి, అక్కడి నుంచి కేంద్రానికి. ఆఖర్న పప్పు ఉడకేసే ఆయమ్మ దగ్గర ఆగుతుంది, ఆమె కింద ఇక ఎవరూ లేరు గనక. పైకి పోయే తనిఖీ ఒక్కటి లేదు. తక్కెడ మార్చమని వచ్చిన కాగితం ఏడాది పాటు ఏ టేబులు మీద పడుకుందో ఎవరూ చూడరు. అద్దె కొంపలో నడిచే కేంద్రానికి నెలల తరబడి అద్దె రాకపోతే ఇంటాయన వచ్చి టీచరుని నిలదీస్తాడు. ఆమె మొగుడి జీతంలోంచో, పుట్టింటి నుంచో తెచ్చి కడుతుంది. గ్యాసు బండ డబ్బు, కూరగాయల డబ్బు, కరెంటు బిల్లు, అన్నీ అంతే. ఆ బిల్లులు పాసు చేయడానికి ఎన్ని రోజులు పట్టిందో చూపించే పచ్చ, ఎరుపు రంగుల పటం నేనింతవరకూ ఏ తెర మీదా చూడలేదు.

మా చెల్లెలి కూతురు సోషల్ వర్క్‌లో పీజీ చేసింది. మైకేల్ లిప్‌స్కీ అనే అమెరికా ఆయన 1980లో రాసిన పుస్తకం గురించి ఒకసారి చెప్పింది. ప్రభుత్వ విధానమంటే జీవోలో ఉండేది కాదట. కిటికీ దగ్గర గుమాస్తా, వీధిలో పోలీసు, బడిలో పంతులు పని ఒత్తిడిలో రోజూ తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలే చివరికి జనానికి అందే విధానమట. విని నవ్వొచ్చింది. మా ఆయమ్మలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. గుడ్లు ముప్ఫై వచ్చి పిల్లలు నలభై మంది ఉంటే ఎవరికి సగం పెట్టాలో ఏ జీవో చెప్పింది వాళ్ళకి? అయితే ఆ నిర్ణయం తీసుకున్న పాపానికి మెమో తినేది కూడా వాళ్ళే. ముప్ఫైయే ఎందుకొచ్చాయో చెప్పాల్సినవాళ్ళు సమీక్షలో బల్లకి అటు పక్క ఉంటారు.

ఈ టీచర్లని, ఆయాలని ఉద్యోగులని అనడానికి కూడా మనకి నోరు రాదు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కేంద్రం వాటా 2018 అక్టోబర్ నుంచి టీచరుకి 4,500 రూపాయలు, ఆయాకి 2,250. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. వీళ్ళకి గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లో తీర్పిచ్చాక గానీ ఆ మాట అధికారికంగా వినబడలేదు. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే మధ్యలో ప్రభుత్వం ఎస్మా పెట్టింది. అంటే అత్యవసర సేవ అన్నమాట. జీతమడిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవకురాలు. ఒక సంస్థ నిర్వహణ ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేనైతే ముందు ఇది చూస్తాను, పనిచేసేవాళ్ళని అది ఏ పేరుతో పిలుస్తోందని.

ఈ మధ్య పాత టీచర్లు ఫోన్ చేసినప్పుడు మొహం గుర్తింపు గొడవ చెబుతున్నారు. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకులకి అది తప్పనిసరి చేశారు. దొంగ పేర్లు పోవాలన్న ఉద్దేశం మంచిదే. నా రోజుల్లో దొంగ పేర్లు లేవని నేను ప్రమాణం చేయను. కానీ పత్తి తీతలప్పుడు తల్లి తెల్లారకుండానే ఆటో ఎక్కి వెళ్ళిపోతుంది. సంచీ పట్టుకుని వచ్చేది ముసలి అత్తగారు. ఫోనుకి కావలసింది కోడలి మొహం. సిగ్నల్ ఉన్నప్పుడు కోడలుండదు, కోడలున్నప్పుడు సిగ్నల్ ఉండదు. ఎలాగోలా పడిన మొహాల లెక్క పైకి పోతుంది. వట్టి సంచీతో తిరిగిపోయిన ముసలమ్మలు ఎంతమందో ఏ గడిలోనూ ఎక్కదు.

రికార్డు చూడటానికి ఇంకో దారి ఉందని మన తెలుగు నేలే దేశానికి చూపించింది. దాని గురించి మనం అంతగా చెప్పుకోం. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్లో గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని రాశారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు అంతకుముందే జన సునవాయిలు పెట్టి రికార్డుల్ని ఊరి మధ్యలో చదివే పద్ధతి తెచ్చారు. దాన్ని ప్రభుత్వ యంత్రాంగంలోకి పట్టుకొచ్చి రాష్ట్రమంతా నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లో మొదలుపెట్టి 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్ళ పిల్లలనే తనిఖీకి తీసుకున్నారు. మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఈ వారం పనికి పోయావా, ఎంత చేతికొచ్చింది అని అడగడమే పని.

ఆ తనిఖీలో భాగంగా మండలంలో ప్రజావేదిక జరుగుతుంటే ఒకసారి ఆసక్తి కొద్దీ వెళ్ళి కూర్చున్నాను. షామియానా కింద మైకులో పేర్లు చదువుతున్నారు. ఒక పేరు చదవగానే వెనక నుంచి ఒకాయన లేచి, "ఆయన పోయి మూడేళ్ళయింది, చెరువులో మట్టెట్లా తవ్వాడయ్యా?" అన్నాడు. జనమంతా గొల్లుమన్నారు. బల్ల వెనక కూర్చున్నవాళ్ళ మొహాలు చూడాలి. పాతికేళ్ళుగా నేను రిజిస్టర్లో వెతికింది అక్షరాలా అదే, కానీ రిజిస్టర్లో ఎప్పటికీ దొరకనిది. చచ్చిపోయినవాడి సంతకం కాగితం మీద బతికున్నవాడి సంతకంలాగే ఉంటుంది. పక్కింటాయనకి మాత్రమే తెలుస్తుంది.

ఆ వేదిక మీద కూడా సాయంత్రానికి జరిగింది నీళ్ళు కిందికి పారడమే. ఫీల్డ్ అసిస్టెంట్‌ని తీసేశారు. ఆ పైవాళ్ళకి వివరణ ఇమ్మని నోటీసు. రికవరీ అని రాసిన సొమ్ములో ఎంత వసూలవుతుందో అడిగితే పక్కనున్న కుర్రాడు నవ్వాడు. అయినా ఆ పద్ధతిని తీసిపారేయకూడదనే అంటాను. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ఏకంగా చట్టమే చేసింది, ఉపాధి పని ఒక్కటే కాకుండా మిగతా పథకాలు కూడా చేర్చి. మొదటి బడిగా నిలిచిన మనం అక్కడే ఆగిపోయాం. అంగన్‌వాడీ గుడ్ల లెక్క, హాస్టలు దుప్పట్ల లెక్క షామియానా కింద చదివితే ఏం పోతుంది?

రిటైరయ్యాక నన్ను పిల్లల హోములు చూసే కమిటీలో సామాజిక కార్యకర్త కింద వేశారు. బాల న్యాయ చట్టం 2015లో 54వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీ మూణ్ణెల్లకోసారైనా ప్రతి హోముకీ వెళ్ళాలి. కనీసం ముగ్గురుండాలి, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి. వెళ్ళొచ్చిన వారంలో రిపోర్టివ్వాలి. కాగితం మీద ఇంత గట్టి ఏర్పాటు నా ఉద్యోగంలో నేను చూడలేదు. దాని పక్కనే 55వ సెక్షన్ ఉంది. బాలల సంక్షేమ సమితులు, బోర్డులు, హోములు, పోలీసు యూనిట్లు, అన్నీ ఎలా పనిచేస్తున్నాయో ప్రభుత్వం స్వతంత్రంగా మదింపు చేయించవచ్చని. చేయించవచ్చు! ఆ 'వచ్చు'లోనే ఉంది తిరకాసంతా.

ముజఫర్‌పూర్ సంగతి పాఠకులకి గుర్తుండే ఉంటుంది. బీహార్ ప్రభుత్వమే టాటా ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన కోశిష్ బృందం చేత రాష్ట్రంలోని ఆశ్రయ కేంద్రాలన్నిటినీ సామాజిక తనిఖీ చేయించింది. 2018 ఏప్రిల్లో రిపోర్టు వచ్చింది. ముజఫర్‌పూర్ బాలికల హోములో జరుగుతున్న లైంగిక అత్యాచారాలు అలా బయటపడ్డాయి. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులని తేల్చింది, నడిపినాయనకి చచ్చేదాకా జైలు. ఆ హోముకి అంతకుముందు అధికారులెవరూ పోలేదా అంటే, పోయారు. వాళ్ళకి కనబడనిది బయట నుంచి వచ్చిన బృందానికి ఎలా కనబడింది? వాళ్ళు పిల్లలతో మాట్లాడారు. అంతే. కూర్చుని, తొందరపడకుండా, నిర్వాహకులు లేకుండా. ఆ రిపోర్టుని కూడా కదిలించి కేసు పెట్టేదాకా నెల దాటిందనుకోండి.

మా తనిఖీ ఎలా జరుగుతుందో చెబుతాను. వస్తున్నట్టు ముందురోజే తెలుస్తుంది. మేం జీపు దిగేసరికి పిల్లలు రెండు వరసల్లో నిలబడి స్వాగతం పాట పాడతారు. నూనె రాసి దువ్విన తలలు. తర్వాత ఆఫీసు గదిలో బిస్కెట్లు, టీ, ఫైళ్ళు. మా దగ్గర పెద్ద ఫారం ఉంటుంది. పిల్లకి 40 చదరపుటడుగుల చొప్పున పడుకునే చోటుందా, సీసీ కెమెరాలున్నాయా, వంటమనిషికి వైద్య పరీక్ష చేయించారా, పిల్లల కమిటీ మీటింగు జరిగిందా. ఉంది, ఉన్నాయి, అయింది, జరిగింది. డాక్టరుగారికి ఓపీ ఉంటుంది, ఆయన గడియారం చూసుకుంటారు. నేను మొదటి రెండుసార్లు ఫారం నింపి సంతకం పెట్టి వచ్చేశాను. మళ్ళీ చక్కటి చార్టే.

మూడోసారి నుంచి ఫారం డాక్టరుగారికిచ్చి నేను వంటింట్లోకి పోవడం మొదలుపెట్టాను. ముప్ఫై రెండేళ్ళలో ఆయమ్మలు నేర్పిన విద్య అది. నేను కందిపప్పు చెరుగుతూ కూర్చుంటే వంటావిడ తనంతట తనే మాట్లాడుతుంది. రాత్రి కాపలా ఆవిడ మానేసి నాలుగు నెలలైందట. జీతం మూడు నెలలకోసారి వస్తే ఎవరుంటారు? అంటే ఇరవై ఆరు మంది ఆడపిల్లలకి రాత్రిపూట పెద్దదిక్కు లేదు. హాజరు పట్టీలో మాత్రం కాపలా ఆవిడ సంతకాలు రోజూ పడుతున్నాయి, రిజిస్టర్ ఖాళీగా ఉంటే మేమే అడుగుతాం గనక. పిల్లల దగ్గర కూర్చుని నేను ఒకటే అడుగుతాను, "రాత్రి భయమేసి మెలకువొస్తే ఎవర్ని లేపుతారే?" అని. బాగా నడిచే హోములో పిల్లలు ఠక్కున ఒక పేరు చెబుతారు, అక్కనో, అమ్మనో. ఇంకో రకం హోములో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు.

ఈ ప్రశ్న మా ఫారంలో లేదు. చేర్చమని అడిగాను. "దాన్ని స్కోరు కిందికి మార్చడం కుదరదు మేడమ్" అన్నారు.

దాతలు నడిపే వృద్ధాశ్రమాల్లో ఇంకో రకం కొలబద్ద. వచ్చిన డబ్బులో పాలన ఖర్చు ఎంత తక్కువైతే సంస్థ అంత పవిత్రమని మనవాళ్ళ నమ్మకం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ కూడా ఆ ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. దొంగలకి ముకుతాడు వేయాలి, కాదనను. కానీ లెక్కలు రాసే మనిషి, మందుల చీటీ చూసుకునే మనిషి లేని ఆశ్రమంలో డబ్బు మిగులుతుంది గానీ ముసలాయనకి బీపీ మాత్ర టైముకి అందదు. పుట్టినరోజు నాడు వచ్చి పులిహోర వడ్డించి ఫొటో దిగే దాతలెవరూ రాత్రి పదింటికి పక్క తడిపిన పెద్దావిడకి బట్టలు మార్చేది ఎవరని అడగరు. వచ్చినవాళ్ళ సంఖ్య, పెట్టిన భోజనాల సంఖ్య అడుగుతారు. భోజనాలు లెక్కపెట్టడం తేలిక కదా.

నన్నడిగితే తనిఖీ అనేదాన్ని తలకిందులు చేయాలంటాను. ఏడాదికొకసారి ప్రతి జిల్లా ఆఫీసూ ఒక కాగితం గోడకి అంటించాలి. ఏ కేంద్రం అద్దె ఏ నెలది ఏ తేదీన విడుదల చేశాం, సూపర్‌వైజర్ పోస్టులెన్ని ఖాళీ, ఒక్కొక్కరి కింద ఎన్ని కేంద్రాలు, బాగుచేయమని వచ్చిన తక్కెడలెన్ని, చేసినవెన్ని. నా ఆఖరి మూడేళ్ళు రెండు సెక్టార్లకి ఇన్‌ఛార్జిని. నెలలో ఒక్కో కేంద్రానికి గంట కూడా మిగిలేది కాదు. ఆ గంటలో రిజిస్టర్ తప్ప ఇంకేం చూడగలను? ఆ సంగతి ఏ రిపోర్టులో ఉంది? టీచర్లూ ఆయాలూ పేర్లు రాయకుండా తమ ఆఫీసుకి మార్కులు వేసే రోజు ఒకటి పెట్టాలి. సీడీపీఓలు ఊరుకోరని నాకు తెలుసు. నేనే సీడీపీఓనైతే నేనూ ఊరుకోను.

ఉన్న తప్పుని ఉన్నట్టు రాసినవాళ్ళకి మెమో ఇవ్వకూడదు. ఇది చెప్పడం సులువు. మూడో గ్రేడు పిల్లలు ఎక్కువ కనబడిన కేంద్రానికి ముందుగా పోవాల్సింది అదనపు పాలపొడి, ఒక నర్సమ్మ. కాగితం తర్వాత పోవచ్చు. నేను ఆ 1998 తర్వాత నా సెక్టారులో ఇలా చేసి చూశాను. మొదటి ఏడాది మా బరువుల లెక్క జిల్లాలో ఆఖర్న పడింది. నన్ను సమీక్షలో నిలబెట్టారు. పిల్లలు ఒక్కసారిగా చిక్కిపోయారా అని అడిగారు. లేదు సార్, తక్కెడలు మార్చాం అన్నాను. హాల్లో నవ్వారు, సారు నవ్వలేదు.

రిపోర్టు ఎక్కడ పుట్టిందో అక్కడికి తిరిగి రావాలి. మేం హోములో రాసుకున్నది హోము పిల్లలకి ఎప్పుడైనా చదివి వినిపించామా? ఎనిమిదో తరగతి చదివే పిల్లకి తన పడకగది గురించి ప్రభుత్వం ఏమనుకుంటోందో వినే హక్కు లేదా? ఉపాధి కూలీకి షామియానా వేసి మైకిచ్చాం, ఈ పిల్లకి ఒక పెట్టె ఇచ్చాం. సలహాల పెట్టె. ప్రతి హోములోనూ ఉండాలని నిబంధన.

పోయిన తనిఖీలో ఆ పెట్టె తెరవమన్నాను. వరండాలో గోడకి కొట్టి ఉంది, రేకు పెట్టె, చిన్న తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలలేదు. ఇన్‌ఛార్జి జిల్లా ఆఫీసులో ఉందంది, ఆఫీసు వాళ్ళు కమిటీ దగ్గరన్నారు, కమిటీ వాళ్ళు ఇన్‌ఛార్జికే ఇచ్చామన్నారు. వాచ్‌మన్‌ని పిలిచి రోకలిబండతో కొట్టించాను. లోపల మూడు చీటీలు. ఒకదాంట్లో, ఆదివారం కోడికూరలో ముక్కలు పెద్దపిల్లలే తీసుకుంటున్నారని. రెండోది పూర్తిగా చెమ్మకి పాడైంది. మూడోది పెన్సిల్‌తో రాసింది, తేదీ వేసి మరీ, దాదాపు రెండేళ్ళ కిందటిది: "స్నానాల గది గడియ పడట్లేదు. బాగు చేయించండి."

వెళ్ళి చూశాను. గడియ ఇప్పటికీ పడట్లేదు. లోపలికి వెళ్ళే పిల్ల కోసం బయట ఇంకో పిల్ల తలుపు పట్టుకుని నిలబడుతోంది, వంతులేసుకున్నారట. చీటీ రాసిన అమ్మాయి పద్దెనిమిది నిండి వెళ్ళిపోయింది. ఫారంలో స్నానాల గదుల దగ్గర అడిగింది సంఖ్య ఒక్కటే. సంఖ్య సరిపోయింది, డాక్టరుగారు అప్పటికే టిక్కు పెట్టేశారు. గడియ సంగతి ఆఖరి పేజీలో 'ఇతరములు' అని ఉండే రెండు గీతల మధ్య రాశాను.